గొంతు మారితే పాట మానాల్సిన పని లేదు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఆగస్టు 15 కోసం పాటల ప్రాక్టీస్ మొదలైంది. ప్రతి ఏడూ సరిగ్గా ఈ రోజుల్లోనే ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు కొందరు మ్యూజిక్ సార్ దగ్గరికి వచ్చి "సార్, నేను ప్రేయర్ గ్రూపు మానేస్తా" అంటారు. ఎందుకురా అంటే ట్యూషన్ అంటారు, ఇంట్లో వద్దన్నారంటారు. అసలు సంగతి వేరే ఉంటుంది. నిరుడు ముందు వరుసలో నిలబడి గ్రూపు మొత్తాన్ని నడిపించినవాడికి ఇప్పుడు పైస్వరం అందట్లేదు, అందుకోబోతే మధ్యలో గొంతు జారి కీచుమంటుంది, పక్కవాళ్లు కిసుక్కున నవ్వుతారు. పరీక్షల తేదీలు, మిగతా వివరాలు వెనక పేజీలో ఉన్నాయి. ఇక్కడ మాత్రం ఈ ఒక్క విషయమే రాస్తున్నాను, ఎందుకంటే ఈ వయసులో ఇంట్లోవాళ్లు అన్న ఒక్క మాటకే పాట శాశ్వతంగా వదిలేసిన పిల్లల్ని చూశాను.

ముందు ఒంట్లో ఏం జరుగుతుందో చెప్తాను. సుమారుగా పన్నెండు నుంచి పదిహేనేళ్ల మధ్య మగపిల్లల్లో టెస్టోస్టిరాన్ హార్మోన్ పెరుగుతుంది. దాంతో స్వరపేటిక పెద్దదవుతుంది. మెడ ముందు ముడిలాగా బయటికి కనిపించేది అదే. లోపలి స్వరతంత్రులు పొడుగవుతాయి, మందం అవుతాయి. వీణకు సన్న తీగ తీసి లావు తీగ వేస్తే నాదం ఎలా కిందికి దిగుతుందో అలాగే మాట్లాడే గొంతు దాదాపు ఒక స్థాయి, అంటే పై "స" నుంచి కింది "స" దాకా ఉన్నంత, దిగిపోతుంది. ఫోనెత్తితే అవతలివాళ్లు నాన్నే అనుకుని వ్యవహారాలన్నీ మాట్లాడేసేది ఈ రోజుల్లోనే. ఆడపిల్లల గొంతూ మారుతుంది కానీ రెండు మూడు స్వరాల తేడానే కాబట్టి ఎవరూ పట్టించుకోరు. పాట సంగతికొస్తే, ఐదు కట్టె శ్రుతిలో (కట్టె సంఖ్య పెరిగితే శ్రుతి పెరిగినట్టు) హాయిగా పాడిన అబ్బాయి ఏడాదికో రెండేళ్లకో ఒకటి, రెండు కట్టెల దగ్గర స్థిరపడతాడు. కష్టమంతా ఆ మధ్య కాలంలోనే. పాత పైస్వరాలు పోతాయి, కొత్త కిందిస్వరాలు ఇంకా పూర్తిగా రావు, కొన్ని నెలలపాటు ఐదారు స్వరాలే నమ్మకంగా పలుకుతాయి. మారిన తంత్రుల మీద కండరాలకు ఇంకా పట్టు చిక్కదు, అందుకే గొంతు ఎప్పుడు జారుతుందో వాడికే తెలియదు.

జనగణమన చివర్లో మొదటి "జయహే" పైషడ్జం (పై "స") దాకా వెళ్తుంది. ఉదయం ప్రార్థనలో వేదిక మీద నుంచి చూస్తే నాకు అక్కడే తెలిసిపోతుంది ఎవరి గొంతు మారుతోందో. అప్పటిదాకా నిటారుగా నిలబడి పాడినవాడు ఆ చోటుకి రాగానే కళ్లు నేలకు దించేస్తాడు. పెదాలు మాత్రం కదులుతుంటాయి, శబ్దం ఉండదు.

మగపిల్లలతోనే పాటల బృందాలు నడిపిన యూరప్‌లో ఇది వందల ఏళ్ల నాటి సమస్య. అక్కడి రెండు ఉదంతాలు చెప్తాను. హైడన్ అని గొప్ప స్వరకర్త, చిన్నప్పుడు వియన్నాలో సెయింట్ స్టీఫెన్స్ చర్చి బృందంలో పాడేవాడు. గొంతు మారేసరికి అతను పాడే భాగాలు అదే బృందంలో ఉన్న తమ్ముడికి ఇచ్చారు. 1749లో, పదిహేడేళ్ల వయసులో, బయటికి పంపేశారు. సాటి కుర్రాడి జడ కత్తిరించాడన్నది పైకి చెప్పిన కారణమంటారు. చేతిలో డబ్బుల్లేక రోడ్డున పడితే, ఇల్లు తమకే ఇరుకైన ఒక పరిచయస్తుడు అటక గదిలో చోటిచ్చాడు. అదే వియన్నాలో రాజప్రాసాదం బృందంలో పాడిన, తర్వాత గొప్ప స్వరకర్త అయిన షూబర్ట్‌కి 1812 జులైలో, పదిహేనేళ్లప్పుడు, గొంతు మారింది. తను పాడుతున్న స్వరాల కాగితం మీదే, షూబర్ట్ చివరిసారి కూశాడు అని రాసుకున్నాడు. కోడిపుంజు కూతతో పోల్చుకున్నాడన్నమాట, ఆ వయసు పిల్లలందరిలాగే. అయితే అతన్ని వెళ్లగొట్టలేదు. ఆ తర్వాత కూడా ఏడాదికి పైగా అదే హాస్టల్ బడిలో ఉంచి చదివించారు, పెద్ద విద్వాంసుడి దగ్గర స్వరరచన నేర్చుకున్నాడు. మన బడి ఈ రెండో దారిలో నడవాలని నా పట్టుదల.

అంత దూరం కూడా పోనక్కర్లేదు. మన నల్లగొండ పల్లెల్లో భజన మండలిలో గొంతు మారిందని ఎవరినైనా లేచి పొమ్మన్నారా? కొన్నాళ్లు తాళం పట్టుకుంటాడు, వంత పాడతాడు, గొంతు కుదిరాక మళ్లీ ముందుకొస్తాడు. సూర్యాపేట దగ్గరి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు పోయినవాళ్లకు తెలుసు, "ఓ లింగా" అని గుట్టెక్కేటప్పుడు పదేళ్ల పిల్లగాడి గొంతూ యాభై ఏళ్ల పెద్దమనిషి గొంతూ కలిసే వినిపిస్తాయి. బళ్లో ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే అందరూ ఒకే ఈడువాళ్లు, ఒకటే శ్రుతి, ఆ శ్రుతికి చిన్నపిల్లల గొంతే సరిపోతుంది.

కాబట్టి ఈ సంవత్సరం నుంచి గొంతు మారుతున్న అబ్బాయిని గ్రూపులోంచి తీయం. వెనక వరుసలో వాళ్లకు వేరుగా చోటు ఉంటుంది. పాటలో పల్లవి కింద నిలకడగా ఒకటే స్వరం పట్టుకోవడం, చిన్న చిన్న వంతలు, తాళాలు, డప్పు వాళ్ల పని. మ్యూజిక్ సార్ ప్రతి నెలా ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా పలుకుతోందో హార్మోనియం మీద చూసి, దాన్నిబట్టి పాట భాగం మారుస్తారు. అందరి ముందూ పాడించి చూడటం ఉండదు. జిల్లా, రాష్ట్ర స్థాయిల్లో జరిగే కళా ఉత్సవ్ పోటీలు తొమ్మిదో తరగతి నుంచే. అంటే గొంతు సగం మారిన దశలోనే కొందరు పోటీకి వెళ్లాల్సి వస్తుంది, వాళ్లను పాత శ్రుతిలో పాడమని ఎవరూ బలవంతం చేయరు. ఇష్టం లేనివాళ్లు ఒక ఏడాది ఆగొచ్చు, పేరు మాత్రం కొట్టేయం.

ఇక ఇంట్లో మీరు చేయాల్సింది. "ఏందిరా, గొంతు గట్లయింది?" అని చుట్టాల ముందు అనొద్దు. మేనమామలు, బాబాయిలు సరదాకే అంటారు, వాడు మాత్రం ఆ రాత్రంతా గుర్తుపెట్టుకుంటాడు. ఇంటికి ఎవరైనా వస్తే "ఒక పాట పాడు నాయనా" అని నిలబెట్టొద్దు, వాడంతట వాడు పాడితే వినండి. మిరియాల పాలు, తేనె, కరక్కాయ ఇస్తే ఇవ్వండి, కాదనను. అయితే అవి దీనికి మందు కాదు, ఎందుకంటే ఇది జబ్బే కాదు. నీళ్లు బాగా తాగమనండి. గ్రౌండ్‌లో గొంతు చించుకుని అరవడం తగ్గించమనండి, పట్టుకుపోయిన రోజు పాటకు సెలవివ్వమనండి.

రెండు సందర్భాల్లో మాత్రం డాక్టర్‌కి చూపించాలి. మూడు వారాలు దాటినా బొంగురు తగ్గకపోతే, లేదా మింగడానికి నొప్పో ఊపిరి ఇబ్బందో ఉంటే వెంటనే ఈఎన్‌టీ దగ్గరికి తీసుకెళ్లండి. రెండోది చాలామందికి తెలియదు. మీసం వచ్చింది, ఎత్తు పెరిగాడు, పదహారు పదిహేడేళ్లొచ్చినా గొంతు మాత్రం చిన్నపిల్లాడిలా సన్నగానే ఉంది అనుకోండి, అప్పుడు చాలావరకు స్వరపేటిక పెరిగే ఉంటుంది, వాడుక మాత్రం పాతదే ఉంటుంది. స్పీచ్ థెరపీతో ఎక్కువమందికి బాగవుతుంది, తరచుగా కొద్ది వారాల్లోనే. ఆ పిల్లల్ని కాలేజీలో ఏడిపిస్తారు, కొందరు మాట్లాడటమే తగ్గించేస్తారు, కాబట్టి వాడే సర్దుకుంటాడులే అని వదిలేయకండి.

శనివారం చివరి పీరియడ్ ప్రాక్టీస్‌కి తల్లిదండ్రులు ఎవరైనా రావొచ్చు. మీ ఊరి భజనలో డప్పు, తాళం, హార్మోనియం వాయించే తండ్రులు, తాతలు ఉంటే మ్యూజిక్ సార్‌కి ఒక మాట చెప్పండి. వెనక వరుస పిల్లలకు పక్కన నిలబడి పాడే పెద్ద గొంతు కావాలి, మా స్టాఫ్‌లో ఇప్పటికి ఇద్దరమే ఉన్నాం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయుడు,
నల్లగొండ