సోమవారం నుంచి మన క్లినిక్‌కి ఒకే డాక్టరమ్మ, ఇంకొన్ని మార్పులు

సోంపేట వైపు మన మెడికల్ షాపుకి, పక్కనున్న క్లినిక్ గదికి వచ్చే అందరికీ నమస్కారం.

సంక్రాంతి నుంచి షాపుకి వచ్చినవాళ్ళని అడుగుతూ వస్తున్నాను, ఊళ్ళో డాక్టర్ ఎలా ఉంటే మీకు బాగుంటుందని. ఎక్కువమంది చెప్పింది ఒక్కటే, ఎప్పుడొచ్చినా అదే డాక్టర్ ఉండాలి, మా ఇంట్లో ఎవరికి ఏముందో ఆయనకి తెలిసుండాలి అని. ఇన్నాళ్ళూ టౌన్ నుంచి వారానికొకరు వచ్చి చూసి వెళ్ళేవారు కదా, ఒక పెద్దావిడ రిపోర్టుల సంచీ బల్ల మీద పెట్టి "మళ్ళీ మొదట్నుంచీ సెప్పాలా బాబూ" అని కూర్చుండిపోయింది, ఆవిడ అడిగిందాంట్లో తప్పేముంది చెప్పండి.

ఇది ఓపిక విషయం ఒక్కటే కాదు. మన ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి మీకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ సంచీలో మూడు ల్యాబుల చీటీలున్నాయి, కిడ్నీ ఎలా పనిచేస్తోందో రక్తంలో చూసే క్రియాటినిన్ ఒకదాంట్లో 0.9, తర్వాత 1.1, మొన్నటిది 1.4, మొదటి రెండూ విడివిడిగా చూస్తే ఎవరైనా పర్లేదమ్మా అనే అంటారు, మూడూ వరసగా పెడితే పెరుగుతోందని తెలుస్తుంది. కిడ్నీ చాలావరకు దెబ్బతినేదాకా నొప్పి ఉండదు, వాపు ఉండదు, కాబట్టి ఆ వరస చూసే మనిషి ఒకరు ఉండాలి. అందుకే సోమవారం నుంచి ఒకే ఎంబీబీఎస్ డాక్టరమ్మ, కాపురం కూడా ఇక్కడే. ఇంటికో ఫైలు పెడుతున్నాం, బీపీ, సుగరు, క్రియాటినిన్ తేదీలతో అందులో రాస్తారు, ఆ ఫైలు మీ సొంతం, వలస వెళ్ళేటప్పుడు ఫొటో తీసుకుని పట్టుకెళ్ళండి.

ఆడవాళ్ళు చాలామంది లేడీ డాక్టర్ కావాలన్నారు, అత్తగారో ఆయనో పక్కనుంటే అన్నీ చెప్పలేమన్నారు. కాబట్టి లోపలికి ఒక్కరే వెళ్ళొచ్చు, తోడొచ్చినవాళ్ళు బయట కూర్చోవాలి, దీనికి దయచేసి ఎవరూ కోపం తెచ్చుకోవద్దు. జీడిపప్పు ఫ్యాక్టరీలకి వెళ్ళేవాళ్ళ కోసం పొద్దున్న ఆరున్నర నుంచి తొమ్మిది, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది. ఆదివారం సెలవు.

ఇప్పుడు కొంతమందికి నచ్చని మాట. నొప్పుల బిళ్ళలు, డైక్లోఫెనాక్ లాంటివి, ఇకమీద డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వం, "ఒక సూది పొడిచెయ్" అన్నా పొడవం. రూలు ఎలాగూ అదే, కానీ రూలు కోసమే చెప్పట్లేదు, ఈ బిళ్ళలు కిడ్నీకి రక్తం వెళ్ళడం తగ్గిస్తాయి, ఎండలో తోట పని చేసి ఒంట్లో నీరు తగ్గినప్పుడు వేసుకుంటే మరీ ప్రమాదం. షాపులో రోజూ ఆగకుండా పోయే అమ్మకం ఇదే, అది తగ్గుతుందని తెలిసే చేస్తున్నాను.

ఫీజు 150 నుంచి 200 చేస్తున్నాం, డాక్టరమ్మ ఇక్కడే ఉండాలంటే ఆవిడ జీతం అందులోంచే రావాలి. అదే జబ్బుకి ఏడు రోజుల్లోపు మళ్ళీ వస్తే డబ్బులు తీసుకోం. టెస్టు రాస్తే ఎంతవుతుందో రక్తం తియ్యకముందే చెప్తాం.

ఇంకోటి, బీపీ, సుగరు బిళ్ళలు నెలనెలా నా దగ్గర కొనక్కర్లేదండీ. 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టర్ అని రాష్ట్రమంతా మొదలుపెట్టారు కదా, పీహెచ్‌సీ డాక్టర్ 104 బండితో నెలకి రెండుసార్లు ఊళ్ళోకొచ్చి చూసేలా, అక్కడ మందులు ఉచితం. మీ ఊరికి బండి ఎప్పుడొస్తుందో ఆశా అమ్మని అడగండి, అక్కడ ఇచ్చిన మందుల చీటీ కూడా మన ఫైల్లో పెట్టించుకోండి, రెండు చోట్లా ఒకే బిళ్ళ రెండుసార్లు మింగకుండా.

మన దగ్గర స్కానింగ్ లేదు, డయాలసిస్ లేదు. క్రియాటినిన్ పెరుగుతోందంటే డాక్టరమ్మ ఉత్తరం రాసి పలాసలో 2023 డిసెంబర్‌లో తెరిచిన 200 పడకల ప్రభుత్వ కిడ్నీ ఆసుపత్రికి పంపిస్తారు. ప్రైవేటులో ఎవరి దగ్గరా మాకు కమిషన్ లేదు, ఎవరైనా మా పేరు చెప్పి ఫలానా చోటికే వెళ్ళమంటే నమ్మకండి, నాకొచ్చి చెప్పండి.

మొదటి వారం రద్దీ ఉంటుంది. పాత చీటీలు చిరిగినవైనా సరే పారెయ్యకుండా తెండి, ఫైల్లో ఎక్కించడానికి ఒక అమ్మాయిని పెట్టాం, దానికి డబ్బులేం అక్కర్లేదు.