శనివారం మా ఇంట్లో కలుద్దాం: కౌంటీ ఇళ్ల సంగతి

అందరికీ నమస్కారం.

మన మేరీలాండ్‌లోని మాంట్‌గొమరీ కౌంటీ కౌన్సిల్‌కు అందుబాటు ధర ఇళ్లపై మన అభిప్రాయం పంపుదామనుకున్నాం కదా. శనివారం ఉదయం 10 గంటలకు రండి. ఉప్మా, కాఫీ మావి.

తెలియనివారికి: ఇక్కడ 1974 నుంచే చట్టం ఉంది. 20 ఇళ్లు, ఆపైన కట్టే బిల్డరు కనీసం 12.5 శాతం ఇళ్లను మధ్యస్థ ఆదాయం వారికి అందే ధరకు ఇవ్వాలి. అమ్మిన ఇళ్లకు 30 ఏళ్లు, అద్దె ఇళ్లకు 99 ఏళ్లు ఆ ధర అదుపు ఉంటుంది. షేడీ గ్రోవ్ మెట్రో దగ్గరి ‘లారియేట్’ అపార్ట్‌మెంట్ల దారి వేరు. ఆ 268 ఫ్లాట్ల నిర్మాణంలో కౌంటీ గృహ సంస్థే పెట్టుబడి పెట్టింది. నాకు ఇదే నచ్చింది. కాదనేవారు వాదనకు సిద్ధపడి రండి!

ప్రతి ఒక్కరూ అర పేజీ రాసుకురండి. గణాంకాలు వద్దు, మీ అద్దె ఎంత పెరిగిందో రాయండి చాలు. మా పిల్లల బడి బస్సు డ్రైవరు దూరాన ఉన్న ఫ్రెడరిక్ ఊరి నుంచి చీకటితోనే బయలుదేరతారు. నేను ఆయన గురించే రాస్తున్నాను.

వీసా మీద ఉన్నవారూ రావచ్చు, అభిప్రాయం చెప్పడానికి ఓటు అక్కర్లేదు.

శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే ‘వస్తాను’ అని రాయండి.

కారు మాత్రం పక్కింటివారి దారికి అడ్డం పెట్టకండి. క్రితంసారి మాటపడ్డాను.