108ల వచ్చిన ఆ తమ్ముడికి

నాయినకు రాత్రి గొంతులకెళ్లి ఊపిరి ట్యూబ్ తీసిండ్రు. గొంతు బొంగురుపోయింది గానీ గంజి మింగుతున్నడు. మూడు రాత్రుల నిద్ర బాకీ ఉంది, తప్పులుంటె మన్నించుండ్రి.

వచ్చింది ఎపిగ్లాటైటిస్. మింగేటప్పుడు గాలిగొట్టం మీద మూతలెక్క వాలే ఎపిగ్లాటిస్ వాచి, ఊపిరి దారినే మూసేస్తది. దీన్ని తెచ్చే హిబ్ అనే బ్యాక్టీరియాకు టీకా వచ్చినంక పిల్లల్లో తగ్గింది. పెద్దోళ్లలో, అందులో షుగర్ ఉన్నోళ్లలో, ఇప్పటికీ వస్తున్నది.

దేవరకొండ నుంచి నల్లగొండ దాక వచ్చిన 108 ఈఎంటీ (అంబులెన్సుల వైద్యం చూసే) తమ్ముడి పేరన్న అడగలే. నోరు తెరిస్తె గొంతు మామూలుగనే ఉండె. కానీ ఉమ్మి మింగలేక చొంగ కారుడు, ముద్ద అడ్డంపడ్డట్టు మాట, గాలి పీల్చినప్పుడల్లా కీచుమని చప్పుడు. అవి చూసే పట్టేసిండు. "ఆక్సిజన్ 96 ఉందని ధైర్యపడొద్దక్కా, ఆఖరి దాక ఇది పడకపోవచ్చు" అన్నడు.

స్ట్రెచర్ మీద పండబెట్టనియ్యలే. వెల్లకిల పంటె వాచింది వెనక్కి వాలి దారి మూస్తది. "పెద్దనాయినా, ఎట్ల కూసుంటె ఊపిరాడ్తదో అట్లనే కూసో" అని, ముందుకు వంగిన నాయిన నొసలు తన భుజం మీద ఆనించుకుని దారంతా కదలకుండ కూసున్నడు. 10 లీటర్ల ఆక్సిజన్ మాస్కు కట్టకుండ చేత్తోనే పట్టుకున్నడు, భయపడితే ఊపిరి ఇంకింత బిగుస్తది గనక. గొంతులకు పుల్ల గానీ సక్షన్ పైపు గానీ పోనియ్యలే. తన తువ్వాలతోనే చొంగ తుడిచిండు. ఈఎన్‌టీ, మత్తు డాక్టర్లకు దారిలనే ఫోన్ చేయించిండు.

అందుకే పోంగనే థియేటర్ రెడీగుండె. కూసోబెట్టే, మెలకువలనే, ముక్కులకెళ్లి స్కోప్ (కెమెరా ఉన్న సన్న గొట్టం) మీదుగ 6 నంబర్ సన్న ఊపిరి ట్యూబ్ వేసిండ్రు. మామూలుగ మగోళ్లకు 8 పడ్తది. అది పోకపోతె మెడకు రంధ్రం చెయ్యనీకె ఈఎన్‌టీ సారు గ్లౌజులు తొడుక్కుని పక్కనే నిలబడ్డరు. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ 2 గ్రాములు, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చిండ్రు. స్టెరాయిడ్‌కు షుగర్ ఎగబాకుతది గనక దాన్ని ఇడవకుండ చూసిండ్రు. ట్యూబ్ చుట్టున్న బుడగల (కఫ్) గాలి తీసి, వాపు తగ్గి ట్యూబ్ పక్కకెళ్లి ఊపిరి లీకయితున్నదని చూసినంకనే ట్యూబ్ తీసిండ్రు.

అంతకుముందు ఒక దవాఖానల టాన్సిల్స్ అని మాత్రలిచ్చి పంపిండ్రు. మళ్ల పోతె సీటీ కోసం పండబెట్టబోయిండ్రు! రాత్రిపూట ముక్కు స్కోపు, అది పట్టే మనిషి దగ్గరల లేకపోతె తండాలోళ్లు ఊపిరాడకుండ గంటకు పైగ ప్రయాణం చెయ్యాల్నా?

అమ్మ, అన్న, వదిన తోడుగ ఉండనే ఉన్నరు.

అయ్యో, ఇంకా ఉన్నరు: కిరాయి వద్దన్న ఆటో తమ్ముడు, ఐసీయూ ఆయమ్మ, అర్ధరాత్రి షట్టర్ లేపి ఇన్సులిన్ ఇచ్చిన మెడికల్ షాపు పిల్లగాడు. అందరికీ దండాలు.

తమ్మీ, నీ తువ్వాల మా సంచిలనే ఉండిపోయింది. ఉతికి పెట్టిన.