ముందు బావతో మాట్లాడు

ఒరేయ్ శ్రీనూ,

అమెరికా వెళ్లడానికి ఈ-1 వీసా గురించి అడుగుతూ నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. కెనడాలో, బ్రాంప్టన్‌లో నీ పచ్చళ్ల యూనిట్ బాగా నడుస్తోందంటే ఎంత సంతోషమేసిందో! ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

ఈ-1 అంటే అమెరికాతో ఒప్పందం ఉన్న దేశాల పౌరులకు, అమెరికాతో వ్యాపారం చేసుకోవడానికి ఇచ్చే వీసా. అది ఇండియా పాస్‌పోర్టుతో రాదు. అమెరికాకు మన దేశంతో ఆ ఒప్పందం లేదు. నువ్వు కెనడా పౌరుడివి కాబట్టి అడగొచ్చు. సుజాతది ఇంకా ఇండియా పాస్‌పోర్టే అని టెన్షన్ పడకు, భార్యాపిల్లలకు ఆ షరతు లేదు. తను అక్కడ ఉద్యోగం కూడా చేసుకోవచ్చు.

నాకు దిగులు మీ బావ వాటా గురించేరా. కంపెనీలో కనీసం 50 శాతం కెనడా పౌరుల చేతిలో ఉండాలి. 60 శాతం ఆయన పేరున ఉంది, ఆయనేమో ఇండియా పౌరసత్వంతో, గ్రీన్ కార్డు మీద డాలస్‌లో ఉన్నారు. ఆ వాటా నీకు పనికిరాదు. పెట్టుబడి ఆయనదే, నాకు తెలుసు. అందుకే మొహమాటపడకుండా ఇప్పుడే మాట్లాడు, అక్క ఎదురుగానే మాట్లాడు.

ఇంకోటి, వీసా వచ్చాక అమ్మకాలు మొదలుపెడతానన్నావు. అలా కుదరదు. అప్లై చేసేనాటికే సరుకు సరిహద్దు దాటుతూ ఉండాలి, లేదా వెంటనే సరుకు పంపేలా ఇరువైపులా కట్టుబడిన ఒప్పందమైనా చేతిలో ఉండాలి. ఇంత డాలర్ల వ్యాపారం ఉండాలని రూలేమీ లేదు. ఒక్క పెద్ద ఆర్డర్ చూపిస్తే చాలదు, చిన్నవైనా సరే వరసగా చాలా లావాదేవీలు కనిపించాలి. వాటి మీద ఇల్లు గడుస్తోందని చూపిస్తే చిన్న వ్యాపారికి అది మంచి బలం. న్యూజెర్సీ షాపులకు నెలనెలా పంపే ఆవకాయ, గోంగూర పెట్టెలు అందుకే ముఖ్యం.

గుంటూరు నుంచి నేరుగా డాలస్‌కు మిర్చి పంపే ఆలోచన మాత్రం జాగ్రత్త. అది కెనడా, అమెరికాల మధ్య వ్యాపారం కాదు కదా. నీ విదేశీ వ్యాపారంలో సగానికి పైగా ఆ రెండు దేశాల మధ్యే జరగాలి.

కాగితాల విషయంలో నా అనుభవం చెప్తాను. మొదటిసారి నలభై ఇన్‌వాయిస్‌లు పట్టుకెళ్లాను. ఒక పార్టీ డబ్బులు నా సొంత ఖాతాలో పడ్డాయి, కంపెనీ బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో అవి లేవు. అవి నిజమైన అమ్మకాలేనని నిరూపించడానికి నెలలు పట్టింది, ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు. నువ్వు ఈ రోజే ఒక ఫైలు తెరువు. ప్రతి ఆర్డర్‌కీ ఇన్‌వాయిస్, లారీ రసీదు, కస్టమ్స్ కాగితం, డబ్బు జమైన ఎంట్రీ ఒకేచోట పెట్టు.

వీసా వచ్చాక అడుగుపెట్టిన ప్రతిసారీ రెండేళ్లు ఉండనిస్తారు, వ్యాపారం నడుస్తున్నంత కాలం పొడిగించుకోవచ్చు. ఇది గ్రీన్ కార్డు కాదని సుజాతకి ముందే చెప్పు.

ఆదివారం ఇంట్లోనే ఉంటాను. బావతో మాట్లాడాక ఎంత రాత్రయినా ఫోన్ చెయ్.

నీ
రవి