అరువు నగ గురించి, బిడ్డకు

బిడ్డా,

ఆదివారం నువ్వు ఫోన్ చేసినప్పుడు బస్టాండ్‌లో గోలగా ఉందని పెట్టేశాను కదా, గోల నిజమే కానీ అసలు నాకు ఏం చెప్పాలో తోచలేదు. రూమ్మేట్ వాళ్లక్క పెళ్లికి అందరూ నగలు పెట్టుకొస్తున్నారు, చిన్నమ్మ హారం రెండు రోజులకు అడిగి పంపమన్నావు. అమ్మ అడగడానికి సిద్ధంగానే ఉంది. హారం సంగతి కాదు నన్ను పట్టుకున్నది. "అందరికీ మనకు బత్తాయి తోట ఉందని చెప్పిన నాయినా" అని చివర్లో మెల్లగా అన్నావు చూడు, ఆ మాట నాలుగు రోజులుగా చెవిలోనే ఉంది.

నిన్న నీ పాత పుస్తకాల సంచి సర్దుతుంటే అందులో ఒక ఫ్రెంచి కథ దొరికింది. మొపాసా 1884లో రాసిన 'నెక్లెస్'. నువ్వు చదివే ఉంటావు. అయినా నేను చదివినట్టు నువ్వు చదివి ఉండవు, ఎందుకంటే అందులో మొగుడు గుమాస్తా, నేనూ జిన్నింగ్ మిల్లులో లెక్కలు రాసేవాడినే.

అతని భార్య మటిల్డాకు అందం ఉంది, డబ్బు లేదు. పెద్దవాళ్ల ఇళ్లలో పట్టు తెరలు, వెండి గిన్నెలు ఎలా ఉంటాయో ఊహించుకుంటూ ఉన్న ఇంట్లో ఊపిరాడక కూర్చుంటుంది. రాత్రి భోజనానికి మొగుడు గిన్నె మూత తీసి, ఆహా, ఇంతకంటే మంచి కూర ఇంకేముంటుంది అంటాడు. ఎదురుగా ఆమె ఇంకెక్కడో విందు తింటూ ఉంటుంది మనసులో. నాకు అక్కడ కలుక్కుమంది. పచ్చిపులుసు, జొన్న రొట్టె ఉంటే చాలని నేనూ అంటాను, అది నిజంగానే నాకు చాలు, కానీ ఎదురుగా కూర్చున్న నీకు చాలుతుందా అని ఎన్నడూ అడగలేదు. అతను తుపాకీ కొనుక్కుని స్నేహితులతో వేటకు పోదామని దాచుకున్న నాలుగు వందల ఫ్రాంకులు, ఒక పెద్ద విందుకు వేసుకోను భార్యకు గౌను కావాలంటే ఇచ్చేస్తాడు. మంచివాడు బిడ్డా. అయినా ఆ ఇంటిని ముంచిన మాట చెప్పింది కూడా అతనే.

ఏమైందో గుర్తుందా? స్నేహితురాలి దగ్గర వజ్రాల హారం అడిగి తెచ్చుకుంది, విందులో తెల్లవారుజామున నాలుగింటి దాకా ఆడింది, పోయేటప్పుడు తన పాత కోటు ఎవరి కంట పడుతుందోనని సిగ్గుపడి గబగబా మెట్లు దిగింది, ఇంటికొచ్చి చూసుకుంటే మెడలో హారం లేదు. అతను నడిచొచ్చిన దారంతా మళ్లీ నడిచి వెతికి ఉత్త చేతులతో వచ్చాడు. అప్పుడు భార్యతో ఆ స్నేహితురాలికి ఉత్తరం రాయించాడు: కొక్కెం విరిగింది, బాగు చేయిస్తున్నాం అని. ఈ కథ అసూయ గురించి అంటారు అందరూ. అసూయ ఆమెను హారం దాకా తీసుకుపోయింది, అంతే. పదేళ్ల కష్టం మాత్రం ఈ చిన్న అబద్ధం నుంచి వచ్చిందని నాకు అనిపిస్తుంది. పోయింది అని ఆ రోజే చెప్పి ఉంటే, అది గిల్టుదే, ఐదు వందలకు మించదు అని ఆ స్నేహితురాలు అప్పుడే చెప్పేది. వీళ్లు ముప్పై ఆరు వేలు పెట్టి అసలు వజ్రాలది కొనిచ్చారు, అతని తండ్రి ఆస్తి పద్దెనిమిది వేలు పోయింది, మిగతాదంతా అప్పు. పనిమనిషిని తీసేశారు, ఆమె అంట్లు తోమింది, నీళ్లు మోసింది, అతను రాత్రుళ్లు పేజీకి ఇంత అని కాగితాలు నకలు రాశాడు.

ఇంకా నీకు చెప్పని సంగతి ఒకటుంది. 2008లో మిర్యాలగూడలో మీ మేనమామ పెళ్లికి మీ అమ్మ పక్కింటి అత్తమ్మ గుండ్ల పేరు అడిగి వేసుకుంది. తిరిగి వస్తుంటే, తిప్పర్తి దాటాక, నువ్వు ఒళ్లో నిద్రలో కదిలి లాగితే దారం తెగి గుండ్లు బస్సంతా దొర్లాయి. కండక్టర్ లైట్లు వేయించాడు, సీట్ల కింద అందరూ వంగి వెతికారు, ఏడు మాత్రం దొరకలేదు. ఆ రాత్రి నేను అచ్చం ఆ గుమాస్తాలాగే ఆలోచించాను. తీరుబడి లేదని నాలుగు రోజులు ఆపి, అవుసలాయనతో అలాంటివే చేయించి కలిపి ఇచ్చేద్దాం అన్నాను. నాయనమ్మ గడపలో కూర్చుని "అరువు సొమ్ము బరువు చేటు, తీయా పెట్టా తీపుల చేటు, అందులో ఒకటి పోతే అప్పుల చేటు" అని తనలో తాను అనుకుంటోంది. మీ అమ్మ ఏమీ అనలేదు, తెల్లారి మొహం కడుక్కుని, ఉన్న గుండ్లు కొంగున కట్టుకుని నేరుగా పక్కింటికి పోయి చెప్పింది.

అత్తమ్మ మొహం మాడిపోయింది. నాలుగు మాటలు అన్నది కూడా. కానీ తనే మమ్మల్ని అవుసలాయన దగ్గరికి తీసుకుపోయింది, ఆయన ఒక గుండు చేతిలో పట్టుకుని, ఇవి లోపల లక్క నింపినవి, పైన రేకే బంగారం అన్నాడు. నేను రాత్రంతా వేసుకున్న లెక్కలో సగం కూడా కాలేదు. ఐదు నెలల్లో తీర్చాం. ఆమె రెండు నెలలు మాతో మాట్లాడలేదు, తర్వాత నీకు టైఫాయిడ్ వస్తే జావ కాచి తెచ్చింది కూడా ఆమే.

మటిల్డాను నేను తక్కువ చేయడం లేదు. పదేళ్లు పైసా ఎగ్గొట్టకుండా అప్పు తీర్చిన మనిషి, చివరికి ఆ స్నేహితురాలు కనబడితే తనే ఎదురు పోయి జరిగిందంతా చెప్పింది. ఆ ధైర్యం పదేళ్ల ముందు వస్తే బాగుండు అని మాత్రం అనిపించింది.

బత్తాయి తోట ఉన్నవాళ్లు నాకు తెలుసు బిడ్డా. బోర్లు ఎండిన ఎండాకాలం ట్యాంకర్లతో చెట్లకు నీళ్లు పోసి, ఆ అప్పుతో మా మిల్లు గేటు దగ్గర కూర్చున్నవాళ్లను చూశాను. మనది మునుగోడు దారిలో రెండెకరాల పత్తి చేను. అది చెప్పుకోవడానికి నీకు ఎందుకు కష్టమైందో నాకు అర్థం కాకపోలేదు, ఆ హాస్టల్‌లో ఎవరి ఫోన్ ఎంతదో, ఎవరి నాయిన ఏ కారులో దింపిపోతాడో రోజూ కనబడుతుంటుంది, ఇరవై ఏళ్ల వయసులో అది చిన్న టెన్షన్ కాదు. కోపం లేదు నాకు.

శనివారం రా. అమ్మ పెళ్లినాటి పుట్టపాక చీర తీసి ఎండకు వేసింది. చిటికి కట్టి, నూలుకు ముందే రంగులద్ది నేసింది కదా, తిరగేసినా అదే పువ్వు. కట్టుకుంటావో లేదో నీ ఇష్టం. హారమే కావాలంటే చిన్నమ్మను నేనే అడుగుతాను, కొక్కెం గట్టిగా ఉందో లేదో చూసే ఇస్తాను. తోట సంగతి మాత్రం పెళ్లికి ముందే ఆ పిల్లకు నువ్వే చెప్పు. ఇక హారం ఎక్కడైనా జారిపోతే, రాత్రి ఎన్ని గంటలైనా సరే, ముందు నాకు ఫోన్ చెయ్యి.

నీ నాయిన