ల్యాప్‌టాప్ బిల్లులో వారంటీ పద్దు: ముందు కాగితం, తర్వాతే డబ్బు

సంపాదకులకు నమస్కారం.

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలైందంటే నెల్లూరు, ఒంగోలు దుకాణాల్లో ల్యాప్‌టాప్‌ల గిరాకీ కూడా మొదలవుతుంది. బేరం కుదిరి బిల్లు కొట్టే వేళకు అమ్మే కుర్రాడు ఒక మాట వేస్తాడు: "సార్, ఇంకో ఆరు వేలు కట్టేయండి, మూడేళ్లు మీకు దిగుల్లేదు." బిడ్డను చెన్నైకో బెంగళూరుకో చదువుకు పంపుతున్న తండ్రి ఆ మాట కాదనలేడు. ఎక్స్‌టెండెడ్ వారంటీ పేరుతో కట్టే ఆ ఆరు వేలకు ఏం వస్తుంది, ఏం రాదు అన్న కాగితం మాత్రం చాలాచోట్ల చేతికి రాదు. మరమ్మతు పనిలో ఉన్నవాళ్లం కనుక ఆ కాగితంలో ఏముంటుందో పాఠకులకు చెప్పి, అధికారులను ఒక కోరిక కోరదామని ఈ లేఖ. వారంటీ లేని మెషీన్లే మా బల్ల మీదికి వస్తాయి కాబట్టి, వారంటీ వద్దంటే లాభం మాకే. ఆ సంగతి మనసులో పెట్టుకునే చదవండి.

ఎక్స్‌టెండెడ్ వారంటీ అంటే మొదటి ఏడాది కంపెనీ ఇచ్చే హామీనే మరో ఏడాదో రెండేళ్లో పొడిగించడం. మొదటి ఏడాదిలో లేనిది ఆ తర్వాతా ఉండదు. తయారీ లోపంతో చెడిన భాగాన్ని మారుస్తారు, అంతే. కింద పడినా, నీళ్లు ఒలికినా అది పనికిరాదు. వాటికి యాక్సిడెంటల్ డ్యామేజ్ ప్లాన్ వేరే ఉంటుంది, దాని ధర వేరు. కౌంటర్ దగ్గర రెండింటినీ కలిపి "అన్నీ కవర్ అయిపోతాయి" అనేస్తారు. తర్వాత వచ్చే తగాదాల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క మాటతోనే వస్తాయి.

విద్యార్థి చేతిలో మొదట పాడయ్యేవేమిటో చూడండి. కీబోర్డు మీద పెన్నో ఇయర్‌ఫోనో ఉంచి మూత వేస్తే స్క్రీన్ పగులుతుంది. మూతను ఎప్పుడూ ఒక మూల పట్టుకుని ఎత్తితే హింజ్ (మూత తిరిగే కీలు) మీద ఒత్తిడి పడుతుంది. నిజానికి చాలాసార్లు హింజ్ ఇనుము విరగదు. దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ బాడీలోని చిన్న ఇత్తడి బుష్‌లు (స్క్రూలు బిగించే గొట్టాలు) ఊడొస్తాయి. ఆపైన మూత తెరిచినప్పుడల్లా అంచు విచ్చుకుని, చివరికి స్క్రీన్ కేబుల్ కూడా నలుగుతుంది. సర్వీస్ సెంటర్ వాళ్లు దీన్ని ఫిజికల్ డ్యామేజ్ కిందే రాస్తారు. మూత బిగుతుగా తెరుచుకుంటున్నప్పుడే, ఇంకా ఏమీ పగలకముందే, వారంటీలో ఫిర్యాదు నమోదు చేయిస్తే కొంత ఆశ ఉంటుంది. పగిలాక మాట చెల్లించుకోవడం కష్టం.

బ్యాటరీ సంగతి మరీ తమాషా. ల్యాప్‌టాప్‌కు మూడేళ్ల వారంటీ ఉన్నా బ్యాటరీకి చాలా కంపెనీలు ఇచ్చేది ఒక ఏడాదే. అదీ లోపం ఉంటేనే. వాడకంతో ఛార్జ్ నిలవడం మామూలుగా తగ్గడాన్ని లోపంగా లెక్కించరు. కాబట్టి పదో నెలలో ఒకసారి కమాండ్ ప్రాంప్ట్ (విండోస్‌లో ఆదేశాలు టైపు చేసే తెర) తెరిచి బ్యాటరీ రిపోర్ట్ తీయండి. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. రెండోది మొదటిదానిలో సగానికి పడిపోయి ఉంటే అది మామూలు తగ్గుదల కాదు కాబట్టి, ఏడాది గడువు దాటకముందే ఆ రిపోర్ట్ పట్టుకుని వెళ్లాలి. హాస్టల్లో రోజంతా ప్లగ్‌కే తగిలించి వాడేవాళ్లు సెట్టింగ్స్‌లో ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపితే బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుంది.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు ప్రత్యేకంగా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలికి యూఎస్‌బీ పోర్టుల్లో తుప్పు, లోపలి ప్రధాన బోర్డు (మదర్‌బోర్డ్) మీద పచ్చటి చిలుము పడతాయి. సెంటర్‌లో విప్పి చూసినవాళ్లు నీళ్లు తగిలాయని రాసే అవకాశం ఉంది. చీమకుర్తి వైపు రాతి దుమ్ము ఫ్యాన్‌లో, వేడిని బయటికి పంపే హీట్ సింక్ రెక్కల్లో పేరుకుంటుంది. దాన్ని శుభ్రం చేయడం మామూలు నిర్వహణే కాబట్టి వారంటీలోకి రాదు. ఏడాదికోసారి అక్కడ ఖర్చు పెట్టుకోవాల్సిందే. వేసవి గాలివానల్లో, తుపాను రోజుల్లో కరెంటు పోయి వచ్చేటప్పుడు హెచ్చు వోల్టేజీకి బోర్డు కాలితే మామూలు వారంటీ దాన్ని ఒప్పుకోదు. యాక్సిడెంటల్ ప్లాన్లలో చాలావాటిలో ఉంటుంది.

మరి ఎక్స్‌టెండెడ్ వారంటీ దేనికి? సూటిగా చెప్పాలంటే మదర్‌బోర్డ్‌కు. ఇప్పటి సన్నపాటి ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్, చాలా మోడళ్లలో ర్యామ్ (మెమరీ) కూడా బోర్డుకే అతికించి ఉంటాయి. ఒక చిప్ పోతే సర్వీస్ సెంటర్‌లో బోర్డు మొత్తం మారుస్తారు. ఆ ఖర్చు కొన్న ధరలో మూడో వంతు, ఒక్కోసారి సగం దాకా పోతుంది.

ఈ లెక్కతో ఆలోచిస్తే తేలిక. రూ.55,000 ల్యాప్‌టాప్‌కు రెండేళ్ల పొడిగింపు రూ.6,000 అని చెప్పారనుకుందాం. ముందు ఆ ధరలో జీఎస్టీ ఉందో లేదో అడగాలి. లేకపోతే 18 శాతం కలిపి రూ.7,080 అవుతుంది. అంటే కొన్న ధరలో 13 శాతం దాకా. బోర్డుకు అంతా అతికించి ఉన్న మోడల్ అయితే, గ్రాఫిక్స్ కార్డున్న గేమింగ్ రకమైతే, ఈ ధరకైనా కంపెనీ ప్లాన్ తీసుకోవచ్చని మా అభిప్రాయం. ర్యామ్, ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచే డిస్క్) విడిగా మార్చుకోగలిగిన మామూలు ల్యాప్‌టాప్ అయితే పది శాతం దాటిన ప్లాన్ అక్కర్లేదు. ఆ డబ్బు విడిగా దాస్తే బ్యాటరీ మార్పో కీబోర్డు మార్పో అందులో తేలిపోతుంది. రోజూ బస్సులో తిరిగే పిల్లలకు, నలుగురు ఒక గదిలో ఉండేవాళ్లకు ఎక్స్‌టెండెడ్ వారంటీ కన్నా మొదటి రెండేళ్ల యాక్సిడెంటల్ ప్లాన్ మేలు. అయితే ఏడాదికి ఎన్ని క్లెయిమ్‌లు ఇస్తారో చూసుకోవాలి. ఒక్కటే ఇచ్చేవి చాలా ఉన్నాయి. దొంగతనం ఈ ప్లాన్లలో మామూలుగా ఉండదు. ఉన్నా తాళం పగిలిన ఆనవాలు, పోలీసు కాగితం అడుగుతారు. తలుపు తీసి ఉన్న హాస్టల్ గదిలోంచి పోతే రూపాయి రాదు.

ప్లాన్ ఎవరు ఇస్తున్నారన్నది ధరకన్నా ముఖ్యం. తయారీ కంపెనీ ప్లాన్ అయితే సీరియల్ నంబర్ కొట్టగానే వాళ్ల వెబ్‌సైట్‌లో గడువు తేదీ కనిపిస్తుంది. దుకాణం సొంత ప్లాన్, లేదా మధ్యలో మరో సంస్థ ఇచ్చే ప్లాన్ అయితే కనిపించదు. కొన్నిటిలో ఏడాది గడిచేకొద్దీ తరుగు పోగా మిగిలిందే ఇస్తారు, కొన్నిటిలో బాగుచేయకుండా వోచర్ చేతిలో పెడతారు. వెనక బీమా కంపెనీ ఉందేమో చదవండి. ఉంటే ఎన్ని రోజుల్లో తెలియజేయాలి, మన వాటా ఎంత కట్టాలి అన్న షరతులు అందులోనే ఉంటాయి.

ఇంటికే వచ్చి బాగుచేస్తామన్న ఆన్‌సైట్ మాటనూ పిన్‌కోడ్‌తో సరిచూడాలి. నెల్లూరు నగరానికి వచ్చే ఇంజినీరు ఉదయగిరికో కనిగిరికో వస్తాడన్న నమ్మకం లేదు. పిల్లవాడు చదివే ఊరి పిన్‌కోడ్ కూడా కొట్టి చూడండి, అసలు వాడకం అక్కడే కదా.

కౌంటర్ దగ్గరే తేల్చుకోవాలన్న తొందరా అక్కర్లేదు. మొదటి ఏడాది వారంటీ నడుస్తుండగా ఎప్పుడైనా పొడిగింపు కొనుక్కునే వీలు చాలా కంపెనీలు ఇస్తాయి. యాక్సిడెంటల్ ప్లాన్‌కు మాత్రం కొన్న తర్వాత తక్కువ గడువే ఉండొచ్చు, దాన్ని ముందు కనుక్కోండి. ఇంటికి రాగానే వెబ్‌సైట్‌లో వారంటీ మొదలైన తేదీ చూడండి. దుకాణంలో నిలవున్న సరుకైతే బిల్లు తేదీకన్నా ముందు నుంచే లెక్క మొదలై ఉండొచ్చు. బిల్లు అప్‌లోడ్ చేస్తే సరిచేస్తారు.

రిపేరుకు ఇచ్చేటప్పుడు నాలుగు వైపులా, స్క్రీన్ వెలిగించి, ఫోన్‌లో వీడియో తీయండి. జాబ్ షీట్‌లో సీరియల్ నంబర్, ఛార్జర్ ఇచ్చారా లేదా, అప్పటికే ఉన్న గీతలు రాయించాలి. ఖాళీ షీట్ మీద సంతకం పెట్టొద్దు. ఏ వారంటీ అయినా డిస్క్‌లోని సమాచారానికి పూచీ ఉండదు, ప్రాజెక్టు ఫైళ్లు ముందే వేరేచోట దాచుకోవాలి. ఇంకోటి, చాలామందికి తెలియనిది: బిట్‌లాకర్ (డిస్క్‌లోని ఫైళ్లకు విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉన్న మెషీన్‌కు మదర్‌బోర్డ్ మారిస్తే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే బాగైన ల్యాప్‌టాప్‌లోంచి కూడా ఫైళ్లు బయటికి రావు. సర్వీస్‌కు పంపకముందే మైక్రోసాఫ్ట్ అకౌంట్ నుంచి దాన్ని కాగితం మీద రాసుకోండి.

క్లెయిమ్ తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగాలి. 1915 నంబరుకు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ల్యాప్‌టాప్ బెంగళూరులో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, కొన్నవాళ్లు నివసించే జిల్లాలోనే కేసు వేయొచ్చు. రూ.5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, కేసు వేసేందుకు గడువు రెండేళ్లు. ఆన్‌లైన్‌లో అడగకుండా వారంటీని బుట్టలో కలిపేయడాన్ని 2023 నవంబరు 30 నాటి డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను తప్పుదారి పట్టించే వెబ్‌సైట్ ఎత్తుగడలు) మార్గదర్శకాలు నిషేధించాయి.

ఆన్‌లైన్‌కు ఉన్న ఆ నియమం స్ఫూర్తి మన దుకాణాల్లోనూ అమలు కావాలన్నదే మా కోరిక. రెండు జిల్లాల అధికారులు అడ్మిషన్ల సమయంలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలను తనిఖీ చేసి, నాలుగు విషయాలు పాటించేలా చూడాలి. ప్లాన్ ధర బిల్లులో విడి పద్దుగా ఉండాలి. ఈఎంఐలో కలిపితే ఎంత కలిపారో చెప్పాలి. ప్లాన్ ఇచ్చే సంస్థ పేరు, వర్తించనివాటి జాబితా ఒక పేజీలో తెలుగులో ఇచ్చాకే డబ్బు తీసుకోవాలి. వద్దన్నవారికి ల్యాప్‌టాప్ అదే ధరకు ఇవ్వాలి. కాలేజీలు కూడా అడ్మిషన్ కాగితాలతో పాటు ఈ పేజీ నమూనా ఒకటి తల్లిదండ్రులకు పంచితే, కౌంటర్ దగ్గర ఏం అడగాలో వాళ్లకు ముందే తెలుస్తుంది.

ఇట్లు,
ల్యాప్‌టాప్ మరమ్మతు పనివాళ్లు,
ట్రంకు రోడ్డు, నెల్లూరు