మా దుకాణంలో సాయంత్రాలు వినిపిస్తున్న ఆ సంగీతం గురించి

విజయనగరం మూడు లాంతర్ల దగ్గరున్న మా మరమ్మతు దుకాణానికి వచ్చేవారిలో చాలామంది ఈ మధ్య ఒకే మాట అడుగుతున్నారు. పాత క్యాసెట్లు బాగుచేసి అందులోని పాటలను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే చోట, ఘంటసాల పద్యాలో హరికథలో వినపడే చోట, సాయంత్రమయ్యేసరికి ఈ ఇంగ్లీషు రాక్ సంగీతపు హోరు ఏమిటని వారి ప్రశ్న. కౌంటరు దగ్గర పని ఒత్తిడిలో అందరికీ వివరంగా చెప్పలేకపోతున్నాను కనుక ఇక్కడ రాస్తున్నాను.

ఉద్దానం ప్రాంతానికి చెందిన ఒక పెద్దాయన, వాణిజ్య నౌకల్లో ఉద్యోగం చేసి విరమించినవారు, విదేశీ రేవుల్లో కొనుక్కున్న క్యాసెట్లను ఒక సంచీతో తెచ్చి ఇచ్చారు. సముద్రపు తేమకు జిగురు వదిలేసి, వాటిలో కొన్నింటికి టేపును హెడ్‌కు (టేపు మీది శబ్దాన్ని చదివే భాగానికి) ఆనించి ఉంచే చిన్న ఉన్ని ముక్క రాలిపోయింది. కొత్త ముక్కలు అతికించి ఒక్కొక్కటీ పరీక్షిస్తూ ఉండగా డి.ఆర్.ఐ. (డర్టీ రాటెన్ ఇంబెసైల్స్, అంటే ‘మురికి, కుళ్లిన మూర్ఖులు’) అనే అమెరికన్ రాక్ బృందం రికార్డింగులు బయటపడ్డాయి. పరీక్షకు ఒక నిమిషం వింటే సరిపోయే క్యాసెట్టును నేను చివరిదాకా విన్నాను.

ఈ బృందం 1982లో టెక్సస్ రాష్ట్రంలోని హ్యూస్టన్‌లో మొదలైంది. ఇంట్లో వీరి సాధన రొదకు విసిగిపోయిన గాయకుడు కర్ట్ బ్రెక్ట్ తండ్రి తిట్టిన తిట్టునే పేరుగా పెట్టుకున్నారని చెబుతారు. 1983లో వచ్చిన వీరి తొలి రికార్డు 7 అంగుళాల గ్రామఫోన్ పళ్లెం. అందులో 22 పాటలు ఇమిడ్చారు. పళ్లెం మీద నిమిషాలు పెరిగేకొద్దీ దాని మీది గాడులు ఇరుకై శబ్దం పలచబడుతుందని ఈ పనిలో ఉన్నవారికి తెలుసు. అవే పాటలను తరువాత 12 అంగుళాల పళ్లెం మీద మళ్లీ విడుదల చేశారు. అప్పట్లో రాక్ సంగీతంలో హార్డ్‌కోర్ పంక్ అనే వేగమైన చిన్న పాటల బాణీ వినేవారు వేరు, మెటల్ అనే బరువైన గిటారు బాణీ వినేవారు వేరు. పంక్ వేగాన్నీ, మెటల్‌లోనే వేగవంతమైన శాఖ థ్రాష్ మెటల్ గిటారు బరువునూ కలిపిన బృందాల్లో వీరు ముఖ్యులు. 1987 నాటి వీరి ఆల్బమ్ పేరు ‘క్రాసోవర్’. ఆ బాణీకి నిలిచిపోయిన పేరు కూడా అదే. నా మట్టుకు నాకు 1985లో వచ్చిన ‘డీలింగ్ విత్ ఇట్’ ఎక్కువ ఇష్టం, ఎందుకంటే అందులో వేగం ఏమాత్రం తగ్గకుండానే గిటారు స్పైక్ క్యాసిడీ చేతిలో బరువెక్కడం స్పష్టంగా వినిపిస్తుంది. మన జాతరల్లో తప్పెటగుళ్ళ వారు లయ పెంచుకుంటూ పోయి, ఇక ఇంతకు మించి కుదరదనిపించిన చోట మరో మెట్టు ఎక్కడం చూసినవారికి ఈ వేగం అంత పరాయిగా తోచదు.

ఇష్టం ఒక్కటే కాదు, ఈ పాటలు మా పనికి కూడా పదును పెట్టాయి. క్యాసెట్ డెక్‌లో హెడ్ టేపుకు వెంట్రుకవాసి వాలినా పై స్థాయి శబ్దాలు మసకబారతాయి. నెమ్మదిగా సాగే గానంలో ఆ లోపం సులువుగా చెవికి తగలదు, కానీ ఈ సంగీతంలో డ్రమ్స్ తాళాలు ఎడతెరిపి లేకుండా మోగుతూ ఉండటం వల్ల హెడ్ పక్కనున్న స్క్రూను తిప్పుతుంటే అవి తేటపడే చోటు ఇట్టే తెలిసిపోతుంది. అలా అలవాటైన చెవితో ఇప్పుడు మీ పెళ్లి పాటలకూ, తాతగారి పద్యాలకూ ఆ స్క్రూను విడివిడిగా సరిచేస్తున్నాం. యాంప్లిఫయర్ల విషయంలోనూ అంతే: లోపలి కెపాసిటర్లు (కరెంటును కాసేపు నిల్వచేసే చిన్న భాగాలు) ఎండిపోయి ఉంటే, ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వని ఈ దరువుల్లో కింది స్థాయి శబ్దం ముద్దయిపోతుంది, లోపం దాగదు.

దీనివల్ల మీకు కలిగే ఇబ్బందిని దాచను. 60 నిమిషాల క్యాసెట్టు ఎక్కించడానికి 60 నిమిషాలు పట్టక తప్పదు, దానికి ఈ సర్దుబాటు సమయం అదనం. కాబట్టి ఇచ్చిన సరుకు చేతికందడం మునుపటికన్నా ఆలస్యమవుతోంది. ధర మాత్రం పెంచడం లేదు. అయితే రాలిన ఉన్ని ముక్క వేసినప్పుడు ఆ ఖర్చు విడిగా తీసుకుంటాం, ముందే చెప్పి.

ఆ పెద్దాయన పాటలను ఆయనకే అప్పగించాం, మేము వినేవి ఆన్‌లైన్‌లో కొనుక్కున్నాం. కాబట్టి కాపీలు అడిగితే ఇవ్వలేము, దయచేసి మరోలా అనుకోవద్దు. పక్క దుకాణాల వారి సౌకర్యం కోసం పెద్ద శబ్దంతో చేసే పరీక్షలను ఇకపై తలుపులు వేసి చేస్తాం. వినాలనే ఆసక్తి ఉన్నవారు ఆదివారం సాయంత్రం రావచ్చు, రుసుము లేదు, చిన్నపిల్లలతో వస్తే శబ్దం తగ్గిస్తాం. క్యాసెట్లు తెచ్చేవారు వాటిని డబ్బాతో సహా, మీద పేరు రాసి, వెనక్కి పూర్తిగా తిప్పి ఉంచి తెస్తే మా పని తొందరగా తెములుతుంది.